అంతర్వేదికి పన్నెండు సీట్ల బండి

కోరుట్ల నుంచి అంతర్వేది సముద్రానికి పోవాలంటే మూడు దారులున్నాయి. ఆ మూడూ వసంతకు నోటికొచ్చు, నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. బస్సయితే జగిత్యాల, కరీంనగర్, విజయవాడ, ఆపైన రాజోలు. దిగడం, ఎక్కడం, మళ్లీ దిగడం. టెంపోనో కారో మాట్లాడుకుంటే ఇంటి ముందు ఎక్కి గుడి ముందు దిగొచ్చు. రైలయితే కోరుట్లలో ప్యాసింజరెక్కి, నిజామాబాద్‌లో దిగి, నర్సాపురం పోయే బండి పట్టుకోవాలి. నర్సాపురం రేవులో పంటు ఉంటుంది. మనుషుల్నీ మోటార్‌సైకిళ్లనీ కలిపి ఎక్కించుకుని గోదావరి దాటిస్తుంది. అవతలి ఒడ్డున ఆటోలే ఆటోలు.

బీడీలు చుట్టుకునే ఆడమనిషికి ఈ లెక్కలన్నీ ఎందుకంటారా? ఎందుకంటే ఆమెకు బస్సు పడదు. కారు అసలే పడదు. అద్దాలు మూసి ఏసీ వేశారంటే ఊరు దాటకముందే కడుపులో తిప్పుతుంది. కోరుట్ల నుంచి మెట్‌పల్లి ఎంత దూరమని? ఆ కాస్త దూరంలోనే రెండుసార్లు కక్కుకున్న మనిషి. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక వాడకట్టులోని వాళ్లంతా ఆధార్ కార్డులు పట్టుకుని వేములవాడ, భద్రాచలం, యాదగిరిగుట్ట చుట్టి వచ్చారు. వసంత మాత్రం బస్టాండు దాకా పోయి వాళ్లను సాగనంపి వచ్చింది. చుట్టాల పెళ్లిళ్ల మాట వస్తే చాలు, ఎవరూ అడగకముందే తనే అనేసేది: "మీరు పోయి రాండ్రి, నాకు పడది." అనీ అనీ ఇంట్లోవాళ్లకు అది అలవాటైపోయింది.

ఆటో మాత్రం పడుతుంది, గాలి తగులుతుంది గనక. మొగుడు రాజేశంది ఆటోనే. తాత తండ్రులు కల్లు గీయడానికి తాటిచెట్లెక్కారు, ఇతను హ్యాండిల్ పట్టాడు. ఏడాదికోసారి ఆ ఆటోలోనే ధర్మపురి పోయి గోదావరిలో మునిగి, నర్సింహస్వామిని చూసి వస్తారు. ఈ నీళ్లు పోయి పోయి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయనీ, అక్కడ కూడా ఈ స్వామే ఉన్నాడనీ ఒకసారి రేవులో ఎవరో అంటుంటే విన్నది. అంతే, ఆ సముద్రం చూడాలన్న కోరిక మనసులో నాటుకుంది. రైలు తన ఒంటికి పడుతుందని కూడా తెలుసు. ఇంకేం కావాలి?

ఈ ఎండాకాలం ఆ యోగం వచ్చినట్టే వచ్చింది. సిరిసిల్లలో ఉండే తమ్ముడు సాగర్ ఫోన్ చేసి, "అక్కా, అందరం అంతర్వేది పోదాం. నీకోసమే రైలుకు పోదాం. మాకు ఈడ రైలు లేదు గదా, ముందురోజే మీ ఇంటికస్తం" అన్నాడు. వసంత సంబరం చూడాలి! స్టేషనుకు పోయి రైళ్లు కనుక్కుంది. మెట్‌పల్లి రోడ్డులో టిఫిన్ల బండి పెట్టుకున్న గోదావరి జిల్లా ఆవిడ దగ్గర కూర్చుని పంటు సంగతి, ఆటోల సంగతి గుచ్చి గుచ్చి అడిగింది. రాత్రి అన్నం వడ్డిస్తూ అదంతా రాజేశానికి చెప్పేది. అతను "ఊఁ" అనేవాడు.

ప్రయాణానికి రెండు వారాల ముందు సాగర్ మళ్లీ ఫోన్ చేశాడు. "అక్కా, రైలు టికెట్లు దొరుకుతలేవే. అంతా వెయిటింగే. ఇగ టెంపో మాట్లాడిన" అని ఆగిపోయాడు.

ఎందుకు ఆగాడో ఆమెకు తెలుసు. మీరు పోయి రాండ్రి అంటుందని. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఈసారి మింగేసింది.

"సరే తమ్మీ" అని పెట్టేసింది.

"ఏమన్నడు?" అన్నాడు రాజేశం, పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

"టెంపో అట."

"అయ్యో" అన్నాడు, పప్పు కలుపుకుంటూ.

మర్నాటి నుంచి వసంత ఒక పని మొదలుపెట్టింది. వింటే నవ్వొస్తుంది గానీ నవ్వకండి. రాజేశం ఆటో తీసుకుని పోయాక, కూతురు శ్రీజ కాలేజీకి పోయాక, డాక్టరిచ్చిన మాత్ర వేసుకుని, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, జగిత్యాల బస్సెక్కేది. బస్సుకు తన ఒంటిని అలవాటు చేద్దామని! మొదటి రోజు మేడిపల్లి దగ్గర దిగిపోయి రోడ్డు పక్కన కూలబడింది. పేగులు బయటికొస్తాయేమో అన్నట్టు వాంతి. మర్నాడూ అంతే. ఆ తర్వాత కిటికీ పక్క సీటు, ఖాళీ కడుపు, చూపు దూరపు చెట్ల మీద. ఇంటికొచ్చి బీడీల చాట ముందేసుకుంటే తునికాకు వాసనకే తల తిరిగేది. మొగుడికి చెప్పలేదు, బిడ్డకు చెప్పలేదు. ప్రయాణానికి రెండు రోజుల ముందు జగిత్యాల దాకా పోయి, బస్టాండులో చాయ్ తాగి, మళ్లీ బస్సులోనే కోరుట్లలో దిగింది. ఒక్కసారి కూడా కక్కలేదు. బస్టాండులోనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంటికి పోయి చెప్దామనుకుంది గానీ, ఆ రోజు బండెక్కి చూపిద్దాం, అందరూ నోరెళ్లబెట్టాలి అనుకుని ఊరుకుంది.

ఆ పొద్దున టెంపో ఇంటి ముందు ఆగింది. సిరిసిల్ల నుంచి వచ్చిన వాళ్లంతా లోపలే ఉన్నారు. రాజేశం డ్రైవర్ పక్కన ఎక్కాడు, శ్రీజ వెనక కిటికీ దగ్గర కూర్చుంది. వాళ్లిద్దరూ ఎక్కాక వసంత గబగబా కొత్త చీర కట్టుకుని, సంచి భుజానికేసుకుని, ఇంటికి తాళం వేసి వచ్చింది.

సాగర్ పెళ్లాం లావణ్య ఆ తాళం వైపు చూసి, "వదినె, నువ్వు గూడ అస్తున్నవా?" అంది.

"అస్తున్న" అంది వసంత. నవ్వు ఆగడం లేదు. "గోలీ ఏస్కున్న. మొన్న జగిత్యాలకు బస్సుల పోయి బస్సులనే అచ్చిన. ఒక్కసారి కక్కలే, తెల్సా!"

నోరెళ్లబెట్టారు. నిజమే, అందరూ నోరెళ్లబెట్టారు. కానీ ఆమె అనుకున్నట్టు కాదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తలుపు పక్క సీట్లో లావణ్య చెల్లెలు సుమిత్ర సర్దుకుని కూర్చుని ఉంది, ఆమె మొగుడు ఆ పక్కన. పన్నెండు సీట్ల బండి, పన్నెండూ నిండి ఉన్నాయి. వసంత ఒక్కో సీటూ చూసుకుంటూ వచ్చింది. తనను లెక్కలోకే తీసుకోలేదని అప్పుడు తెలిసింది.

"తమ్మీ, నాకు సీటేది?"

సాగర్ మెడ గోక్కున్నాడు. "నువ్వు రావనుకున్నం అక్కా..."

"నేను రానన్ననా?"

"నన్నంటవేందే? బావను అడుగు. బండి చెయ్యిమన్నది బావనే. రైలైతే నువ్వస్తవని. నేను టికెట్లు సూడనే లేదు."

వసంత ముందు సీటు వైపు తిరిగింది. రాజేశం దిగి వచ్చి, చెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకుపోయాడు. గొంతు తగ్గించాడు.

"అందరి ముంగట ఏందే గిది?"

"నువ్వన్నవా? అనలేదా?"

"అన్న." గోడ వైపు చూశాడు. "ఇరవై ఏండ్లాయె వసంతా. దవాఖానకు పోయినా, నీ తల్లిగారింటికి పోయినా నీ పక్కపొంటి కవరు పట్టుకొని కూసునుడే. నీళ్లున్నయా, నిమ్మకాయున్నదా, ఎప్పుడు కక్కుతవో అని నీ మొకమే సూసుడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి యాత్రకు నిమ్మళంగ పోయి రావాలనిపించింది. తప్పా?"

"రైల్ల నాకేం గాదు గదా."

"గాదు. అయితదేమో అని నాకుంటది గదా."

"గా ముక్క నాతోని చెప్తె అయిపోవు."

"చెప్తె ఏడుస్తవని చెప్పలే."

"ఇప్పుడు నవ్వుతున్ననా?"

బండిలోంచి శ్రీజ లేచింది. "అమ్మా, నా సీట్ల కూసో. నేనుంట."

"నీకు గూడ తెల్సా బిడ్డా?"

శ్రీజ తల దించుకుంది. పందొమ్మిదేళ్లు పెంచిన పిల్ల, జ్వరమొస్తే రాత్రంతా ఒళ్లో పెట్టుకున్న పిల్ల! వసంత ఇక మొగుడి మొహంలోకే చూసింది. రా అంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. బండి మధ్యలో కిందనైనా కూర్చుంటుంది. జరిగిందంతా అంతర్వేది చేరేలోపు మరిచిపోతుంది కూడా, అలాంటి మనిషి.

రాజేశం వాచీ చూసుకున్నాడు. "కూసో శ్రీజా. ఎండెక్కుతది, బండి తియ్యమను" అని పోయి డ్రైవర్ పక్కన ఎక్కాడు. బండి కదిలింది.

ఎదురింటి ముత్తమ్మ చాటతో బయటికొచ్చి, "ఏందే వసంతా, నువ్వు పోలేదా? పడదనా?" అంది.

"పడతది. నన్ను ఇడిసిపెట్టి పోయిన్రు" అంది వసంత, వాడకట్టంతా వినబడేలా. మొగుడి తప్పు కప్పిపెట్టి మాట్లాడటం ఆమెకు ఇరవై ఏళ్ల అలవాటు. ఆ పొద్దున చేతకాలేదు. తాళం తీసి లోపలికి పోయి, కొత్త చీరతోనే కటిక నేల మీద పడుకుని ఏడ్చింది.

మర్నాడు సాయంత్రం బీడీలు చుడుతుంటే వీడియో కాల్ వచ్చింది. రాజేశం. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది.

"ఇగో, ఇగో సూడు వసంతా! సముద్రం! కనవడుతుందా?"

కనబడింది. గాలి హోరు, నురగ, అటు చివర ఆకాశం దాకా నీళ్లు. నడుమ నడుమ సుమిత్ర పిల్లల అరుపులు. అరచేతిలో పట్టేంత సముద్రం.

"నీ మొకం సూపియ్యి" అంది.

"ఏందీ?"

"ఫోను నీ దిక్కు తిప్పు."

తిప్పాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తడిసిన జుట్టుతో, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఆ మొహంలో కాస్త సిగ్గు కోసం వెతికింది వసంత. తప్పు చేశానన్న బాధ ఒక్క చుక్కయినా ఉంటుందేమో, ఉంటే క్షమించేద్దామని వెతికింది. లేదు. తను పక్కన లేని మొగుడు ఎలా ఉంటాడో ఆమె ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. పదేళ్లు చిన్నవాడైపోయాడు. మనసు తేలిక పడి, నిజంగా, నిండుగా సంతోషంగా ఉన్నాడు.

"మంచిగున్నదా?" అని అరిచాడు రాజేశం.

"మస్తుగున్నది" అని కాల్ కట్ చేసింది.

ఫోన్ మళ్లీ మోగింది. చాటలో తునికాకుల పక్కన బోర్లా పెట్టి, మోగినంతసేపూ మోగనిచ్చింది.