మూఢంలో మంచం

ఫకీర్ అహ్మద్ మంచం చేయమని అడిగిన రోజు నా దగ్గర వేపకర్ర కోసి, ఆరబెట్టి సిద్ధంగానే ఉంది.

గార్లలో నా వడ్రంగి కొట్టం, అతని సైకిల్ షాపు పక్కపక్కనే. పంక్చర్లకు వంగి వంగి అతని మోకాళ్లు అరిగిపోయాయి. చాప మీద నిద్ర.

"లేవాల్నంటె ఇద్దరు గుంజాలె తిరుపతన్నా. ఒక దిక్కు బేగం, ఒక దిక్కు కోడలు. నా అంతట నేను లేసి నమాజు చేసుకుంటె సాలు," అన్నాడు.

మంచం ఎత్తు కోసం దారంతో అతని మడమ నుంచి మోకాలి దాకా కొలిచాను.

"జర సూసి చెయ్యి. మీద మీదికి పోతె నిచ్చెన గూడ నువ్వే చెయ్యాలె," అని నవ్వాడు.

"మూఢం నడుస్తుంది భాయ్. ఇరవై రోజులు ఆగు. మూఢంల కొత్త మంచం బిగించొద్దు."

"మీ పద్ధతి మీది. ఆగుత."

మా నాయిన కూడా మూఢంలో మంచం ముట్టలేదు. ఫకీర్‌కు మూఢం పట్టింపు లేదని నాకు తెలుసు. అయినా, నీకు ఆగడం కుదురుతుందా అని అడగలేదు.

మర్నాడే బడి బెంచీల కాంట్రాక్టరు వచ్చాడు. రెండు వారాల్లో పన్నెండు కావాలన్నాడు. అతనికి ఆగమని చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే రంపం పట్టాను.

ఫకీర్ రోజూ తొంగిచూసేవాడు. "ఎన్నయినయే?"

"ఏడు."

"పోరగాండ్ల నసీబు మంచిగుంది," అనేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

మూఢం ఇంకా ఎనిమిది రోజులుంది. ఒక తెల్లవారుజామున ఆడవాళ్లను లేపడం ఇష్టంలేక, గోడ పట్టుకుని తనే లేవబోయాడు. జారి పడ్డాడు. తుంటి విరిగింది. మానుకోట దవాఖానలో మూడు రోజులుంచి, ఇక నేల మీద పడుకోవద్దని చెప్పి పంపించారు.

ఆ కబురు వినగానే మంచం బిగించి, నవారు అల్లి, సాయంత్రానికి మోసుకుపోయాను. రోగి మంచానికి మూఢం లేదని మా నాయిన అనేవాడు. మోకాళ్ల నొప్పీ రోగమేనని నాకు అప్పుడు తట్టింది.

జహీరా బేగం దుప్పటి పరుస్తూ అడిగింది. "మూఢం పోయిందా అన్నా?"

"ఇంక ఐదు రోజులుంది."

"మరి బెంచీలకు లేకుండెనా మూఢం?"

ఆమె గొంతులో కోపం లేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

"ఊకో బేగం. ఆయన పద్ధతి ఆయనది," అన్నాడు ఫకీర్.

అతన్ని ముగ్గురం ఎత్తి మంచం మీద పడుకోబెట్టాం. కాసేపటికి పక్క పట్టెను అరచేత్తో తడిమి, "నున్నగ చేసినవ్," అన్నాడు. ఎత్తు సంగతి అడగలేదు.

కోడలు చాయ్ తెచ్చింది. నిలబడే తాగాను. బేగం మాటకు ఏదో ఒక జవాబు చెప్పాలనిపించింది. మూఢం నిజమే, కాంట్రాక్టరు అడిగితే అది నాకు గుర్తుకు రాలేదన్నదీ నిజమే. గ్లాసు కింద పెట్టి, పోయొస్తనని మాత్రం చెప్పి వచ్చాను.