పక్క కుర్చీ

వకీలు ఇద్రీస్ తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించిన రోజు నుంచీ సనావుల్లాకు అన్నం సయించడం లేదు. పని నేర్చుకునే జూనియర్ ఒకడు కావాలన్నాడు ఆ సూడాన్ పెద్దమనిషి. ఆఫీసులో బి.ఎల్. చదివినవాడు సనావుల్లాయే. చదివి ఏం లాభం? అబుదాబి వచ్చి నాలుగేళ్ళయినా టైపు మిషను ముందు నుంచి లేవలేదు. ఇన్నాళ్ళకు రాత మారేలా ఉందని మురిసిపోయాడు పిచ్చివాడు.

పోటీకి ఒక ఈజిప్టు విద్యార్థి ఉన్నాడు. లా ఇంకా పూర్తి కాలేదు గానీ నోటికి గడియ లేదు. "రేపు ఒక కేసులో ఇద్దర్నీ కూర్చోబెట్టుకుంటాను. ఎవరో ఒకరిని తీసుకుంటాను," అన్నాడు వకీలు.

మర్నాడు వచ్చిన పార్టీ తెలుగువాడే. జగిత్యాల వైపు భోజన్న, మఫ్రఖ్‌లో ఇటుకల ఫ్యాక్టరీ కూలీ. మిషనులో కుడిచెయ్యి నలిగింది. అజాగ్రత్త నీదే పొమ్మంది కంపెనీ.

"మిషన్ ఖరాబైందని జెప్పిన సారూ. యల్లా యల్లా అని ఉరికిచ్చిండ్రు. నాతోని పనిజేసే పోచన్న పక్కపొంటే ఉండె, అంత జూసిండు," అన్నాడు భోజన్న. సనావుల్లా అదంతా ఇంగ్లీషులో చెప్పాడు. ఈజిప్టువాడు మధ్యలో నాలుగుసార్లు దూరి ఏదేదో వాదించాడు.

"నువ్వేమంటావు సనావుల్లా?" అని వకీలు ఇటు తిరిగాడు.

సనావుల్లా దిగ్గున లేచి చేతులు కట్టుకున్నాడు. నెల్లూరులో కోదండరామిరెడ్డిగారి దగ్గర జూనియర్‌గా ఉన్న రెండేళ్ళూ నేర్చుకున్నది అదే. పార్టీ ఎదుట జూనియర్ నోరు విప్పితే సీనియర్ పరువు పోతుంది. సీనియర్ అడిగాడా, అది మన్నన కోసం. జవాబు తర్వాత చెవిలో చెప్పాలి.

"తమరికి తెలియందేముంది సార్," అన్నాడు.

వకీలు ఒక క్షణం చూసి తల తిప్పుకున్నాడు. సనావుల్లాకు లోపల ఎంత గర్వంగా ఉందో! మర్యాద నిలబెట్టాననుకున్నాడు.

భోజన్నను సాగనంపడానికి కిందికి దిగాడు. మెట్ల దగ్గర అతను ఆగిపోయాడు. "సారూ, నాకు న్యాయమైతదా?"

"భోజన్నా, నీ కేసుకు ప్రాణం పోచన్నే. కంపెనీవాళ్ళు అతన్ని ఇండియా ఫ్లైటు ఎక్కించేలోగా కోర్టులో చెప్పించాల. లేటు చేసినామా, ఖలాస్," అన్నాడు సనావుల్లా.

భోజన్న అతని మొహంలోకి చూశాడు. "మంచిగ జెప్పినవ్. మరి గీ ముచ్చట లోపట ఎందుకు జెప్పకపోతివి? గా సారు నిన్నడిగిండు గదా?"

సనావుల్లా గబగబా పైకెక్కి వకీలుతో ఆ ముక్క చెప్పాడు. ఆయన శ్రద్ధగా విని, వెంటనే గుమాస్తాను పిలిచి పోచన్న సంగతి చూడమన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"ఇందాక ఎందుకు చెప్పలేదు?"

"పార్టీ ముందు జూనియర్ మాట్లాడకూడదు సార్. మా దగ్గర అది మర్యాద."

"నాకు పక్కన మాట్లాడే మనిషి కావాలయ్యా. నీకు ఈ పని మీద ఇష్టం లేదనుకున్నాను. ఆ ఈజిప్టు కుర్రాడికి ఇప్పుడే మాటిచ్చేశాను." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. పక్క కుర్చీ లాగి, "కూర్చో, టీ తాగి వెళ్ళు," అన్నాడు.

సనావుల్లా కూర్చోలేదు.

సాయంత్రం బనియాస్‌లో తను ఉండే గదికి చేరేసరికి, గదిలో తోడుండే కడప అల్లాబకాష్ సేమియా పాయసం కాచి కూర్చున్నాడు. "రాండి వకీల్ సాబ్! ఏమనె మీ ముదీర్ సారు?"

"ఇంకా ఏం తేల్చలా," అని అబద్ధమాడి గిన్నె అందుకున్నాడు.

ఉన్నమాట చెబితే గదిలో అందరూ ఒకటే మాట అంటారు: అడిగితే చెప్పకపోవడం ఏం మర్యాదరా, తిక్కలోడా. వాళ్ళు మంచివాళ్ళే, వాళ్ళ మాటా నిజమే. కానీ ఆ పొద్దున అతను ఎంత పద్ధతిగా నిలబడ్డాడో ఎవరికి అర్థమవుతుంది? కోదండరామిరెడ్డిగారైతే వెన్ను తట్టి శభాష్ అనేవారు. ఆయన పోయి ఏడాదైంది.

 ఇక ఈ భూమ్మీద దాన్ని మర్యాద అనుకునేవాడు తనొక్కడే.