కిటికీ కింద మెతుకులు

పొద్దున ఆరు కాకముందే ఎలుక బోనులాయన పెరట్లోని పళ్ళెంలో గుప్పెడు నూకలు పోశాడు. గుప్పెడంటే గుప్పెడే. గంటలో పిట్టలు తినగా మిగిలితే తనే ఎత్తేస్తాడు. పళ్ళెం ఇనుప గొట్టం మీద ఉంది, గొట్టానికి సగంలో బోర్లించిన రేకు గరాటు. ఎలుక ఎక్కినా అక్కడ జారి పడాల్సిందే. ముప్పై రెండేళ్ళుగా ఇళ్ళలో, గోదాముల్లో ఎలుకలు పట్టి బతుకుతున్నవాడికి వాటి బుద్ధి ఒకరు చెప్పాలా?

ఇదంతా భార్య కోసం. ఎనిమిది నెలలుగా ఆమె మంచం దిగలేదు. మంచం పక్కన కిటికీ, కిటికీ బయట పిచ్చుకలు. ఆమెకి మిగిలిన లోకం అంతే.

నిన్న, కింది వాటా వాళ్ళకి అద్దెకిచ్చిన మేడమీది ఇంటావిడ మొహమాటం లేకుండా చెప్పింది. "పెరట్లో మళ్ళీ ఎలుక తిరుగుతోంది, పెద్దాయనా. ఎలుకలు పట్టేవాళ్ళింట్లోనే ఎలుకలంటే నలుగురూ నవ్వరూ? రేపు సాయంత్రానికల్లా ఆ పళ్ళెం తీసేయండి."

తల కొట్టేసినట్టయింది. పళ్ళెం తీసేస్తే ఆమె రోజంతా ఏం చూస్తుంది, గోడనా?

పొద్దుటి నుంచి పిండిమిల్లులో మోకాళ్ళ మీద పాకుతూ బోనులు పెట్టాడు. "మీ ఇంటి ఎలుక దొరికిందా బాబాయ్?" అని పనివాళ్ళు ఆటపట్టించారు. ఇంటావిడ నోట్లో నువ్వుగింజ నానదు. నవ్వే ఓపిక కూడా లేక ఇంకో బోనుకి ఎర గుచ్చాడు.

మూడింటికి ఇంటికొచ్చి, పరాయివాళ్ళ ఇల్లు చూసినట్టే తన పెరడు చూశాడు. పళ్ళెం కింద ఒక్క నూక లేదు. గోడ వెంట ఎలుక తిరిగిన జిడ్డు చార మాత్రం నేరుగా కిటికీ కిందికి పోయింది. అక్కడి గడ్డి తప్పించి చూస్తే మెతుకులు. కొన్ని ఎండినవి, కొన్ని ఇవాళ్టివి. ఇన్నాళ్ళూ గింజలకే కాపలా కాశాడు. అన్నం సంగతి తట్టనేలేదు.

పనికి వెళ్తూ మంచం పక్కన పెట్టే అన్నం గిన్నె రోజూ సాయంత్రానికి ఖాళీ అయ్యేది. కోలుకుంటోందని డాక్టరు దగ్గర గొప్పలు కూడా పోయాడు. ఆ మెతుకులు గుప్పిట్లో పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

"అన్నం పిట్టలకి వేస్తున్నావా?"

ఆమె కళ్ళు దించుకుంది. "సయించట్లేదండీ. గిన్నె ఖాళీగా ఉంటే మీ మొహం ఎంత బాగుంటుందో."

"ఎన్నాళ్ళ నుంచే?"

"నెలన్నర అయుంటుంది."

తిడదామనుకుంటే ఏడుపొచ్చింది. అన్నం మెత్తగా కలిపి తనే ముద్దలు పెట్టాడు. రెండు తింది. మూడోదానికి తల అడ్డంగా ఊపింది. అతను బలవంతపెట్టలేదు.

"పళ్ళెం తీసేస్తారా?"

"తీయనులే. ఆవిడతో నేను మాట్లాడతాను."

ఆమె కిటికీ వైపు తిరిగి పడుకుంది. అతను కుర్చీలోనే కునికాడు. మెలకువ వచ్చేసరికి ఎండ ఇంకా గోడ మీదే ఉంది, ఆమె చెయ్యి మాత్రం చల్లబడిపోయింది.

అతని కేక విని ఇంటావిడ పరుగున దిగివచ్చింది. పళ్ళెం ఊసెత్తలేదు. ఆమెని నేల మీదికి దించాలని పరుపు ఎత్తుతుంటే తనూ ఓ చెయ్యి వేసింది. దాని కింద నుంచి మెతుకులంటిన పొడుగు కాడ చెంచా ఒకటి జారి పడింది. చెయ్యి వణికినా చెంచా కిటికీ బయట పడిపోకుండా, ఊచకి ముడేసుకునేందుకు దాని కాడకి చీర చెంగు చింపి కట్టిన పీలిక ఉంది.