నీళ్ళు జడిసిన మనిషి

తెల్లారితే చాలు, హజరత్తయ్య పార భుజానేసుకుని కాలవ గట్టు పట్టేవాడు. చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఆ పల్లెలో ఎవరి చేనికి ఎంతసేపు నీళ్ళు పారాలో తేల్చేది అతని పారే. ముప్పై ఏళ్ళుగా అదే పని. పెళ్ళాం పోయి పన్నెండేళ్ళయింది, పిల్లల్లేరు. ఊళ్ళో పలకరించని మనిషి లేడు గానీ, ఆ పలకరింపులన్నీ ఒకటే: "మా చేనికెప్పుడు?" తిన్నావా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

పోయిన చలికాలం, గట్టు తెంచి చేలోకి నీళ్ళు వదిలే మడవలో ఒక కుక్కపిల్ల ఇరుక్కుని కుయ్యో మొర్రో అంటుంటే తీసి పంచెలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. మడవలో దొరికింది కదా, మడవ అనే పిలిచాడు. అది పిలవకపోయినా వెనకాలే వచ్చేది. అతను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని ప్రతి ముద్దనీ కళ్ళతో లెక్కపెట్టేది. ఆ ఇంట్లో రెండు కంచాలు కడగాల్సి రావడం ఎన్నేళ్ళకో!

వేసవిలో వేసే ఎడగారు పైరుకి నార్లు పోసే రోజుల్లో మడవకి ఒంట్లో బాగాలేదు. చీకటి మూల వెతుక్కుని పడుకుంది. నోట్లోంచి ఒకటే చొంగ. నీళ్ళు పెడితే గొంతు దిగలేదు. ముందురోజు చేపల పులుసన్నం పెట్టాడు మరి! ముల్లు ఇరుక్కుందనుకుని దాని నోరు తెరిచి, గొంతులోకి రెండు వేళ్ళు పోనిచ్చి వెతికాడు. ముల్లు లేదు, మన్నూ లేదు. పళ్ళు గీసుకుని వేలు తెగింది. పసుపూ సున్నమూ అద్ది ఊరుకున్నాడు.

మూడోనాడు అది చచ్చిపోయింది. అది దొరికిన మడవ పక్కనే గుంట తీసి పూడ్చాడు. కంట్లో తడి రాలేదు. "ఛీ, నాది గుండా బండా?" అని తనని తానే తిట్టుకున్నాడు.

మర్నాడు మొహం కడుక్కుందామని చెంబు వంచితే నీళ్ళు అతని చేతిని తప్పించుకుని పక్కకి పోయి పడ్డాయి. కాలవలో దిగితే, మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నట్టు, నీళ్ళు చెరో గట్టుకీ జరిగిపోయాయి. నడుమ బురదలో పారతో నిలబడిపోయాడు.

ఊరు పెద్దగా వింతపడలేదు. నీళ్ళకీ రోషాలుంటాయి, ఏం చేస్తాం అనుకున్నారు. వారం తిరక్కముందే వెంకటశేషమ్మ గట్టు మీదికొచ్చింది. మూడెకరాల ఆసామి.

"హజరత్తయ్యా, నువ్వు మా చేలో దిగబాకయ్యా. దిగితే నీళ్ళన్నీ పక్కోళ్ళ చేలోకి పోతుండాయి. నారు ఎండిపోతే ఎవురిని అడగాల?"

ఏమైందని మాత్రం అడగలేదు. ఆ సాయంత్రానికి అతని పార ఊళ్ళో కుర్రాడు పెంచల్ చేతికి పోయింది.

బోరింగు దగ్గరికి పోతే ఆడవాళ్ళు, "కాస్త అవతల నిలబడన్నా, ధార రావటంలా," అన్నారు. గ్లాసులో పోసుకుంటే నీళ్ళు అడుక్కి అతుక్కుపోయేవి. ముంజలు తిని దాహం తీర్చుకున్నాడు. ఇంట్లో కూర్చుంటే పొద్దు గడిచేది కాదు. ఒక్కోసారి కంచం ముందు కూర్చుని ఎదుటి ఖాళీ చోటుకేసి "తినవే," అనేవాడు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం, గొర్రెలకి టీకాలు వేసే మెహక్ స్కూటీ మీద వచ్చింది. పశువుల ఆసుపత్రి పిల్ల. చేతులు కడుక్కోను నీళ్ళడిగింది. అతను చెంబు వంచాడు. ఎంత వంచినా చుక్క పడలేదు. చెంబు ఆమె తీసుకోగానే నీళ్ళు భళ్ళున దూకాయి.

మెహక్ చేతులు తుడుచుకుంటూ అతని వేలు చూసింది, వాకిట్లో బోర్లించిన రెండో కంచం చూసింది.

"పెద్దాయనా, నీ కుక్క యాడ?"

"పోయిందిమ్మా. పదిరోజులయింది."

"చొంగ కార్చిందా? నీళ్ళు తాగలేకపోయిందా?"

అతను తలూపాడు.

"నిన్ను కరిచిందా?"

"కరవలా!" హజరత్తయ్యకి కోపం వచ్చింది. "ముల్లుందేమోనని నేనే వేలు పెట్టినా. చచ్చిపోయిన బిడ్డ మీద చాడీలు చెప్పమంటావా?"

"దాని తప్పని ఎవురన్నారు? అది పిచ్చికుక్క జబ్బు, దానికీ యాడినించో వచ్చిందే. పళ్ళు గీసుకున్నా చాలు, నీకూ వస్తది. ఒకసారి పైకొచ్చిందంటే ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు. ఇంకా రాలా. ఎక్కు, గూడూరు పోదాం."

"పోనీలేమ్మా. నాకెవురుండారు?"

మెహక్ చెంబు వైపు చూపించింది. "ఆ జబ్బు ముదిరితే మనిషి నీళ్ళని చూసి జడుసుకుంటాడు పెద్దాయనా. నీకు పట్టాల్సిన జడుపు నీ బదులు ఆ నీళ్ళే పట్టుకోనుండాయి. ముప్పై ఏళ్ళు వాటి వెంట తిరిగినావే, ఊరికే పోతదా? ఎన్నాళ్ళని మోస్తాయవి?"

హజరత్తయ్య చెంబులోకి తొంగి చూశాడు. నీళ్ళు అడుగున ముడుచుకుని వణుకుతున్నాయి. లేచి చొక్కా తొడుక్కున్నాడు.

ఆసుపత్రిలో గాయం చుట్టూ మందు ఎక్కించి, జబ్బకి మొదటి సూది వేశారు. బయటికొచ్చాక మెహక్ అడిగింది: "తిన్నావా?" ఇడ్లీ బండి దగ్గర నిలబెట్టి నాలుగు తినిపించింది. ఆ తర్వాత ప్రతి సూదికీ ముందురోజు ఫోన్ చేసింది. రెండో సూదికి నీళ్ళు గ్లాసులో సగందాకా లేచాయి. మూడోదానికి బోరింగు ధార ఆగకుండా వచ్చింది. నాలుగోదానికి మొహం తడిసింది, కళ్ళు తప్ప.

నెలకి అయిదో సూది వేయించుకుని బస్సు దిగి, ఇంటికి పోకుండా తిన్నగా కాలవకి నడిచాడు. మడవ దగ్గర పెంచల్ గట్టు వేస్తున్నాడు. హజరత్తయ్య చెప్పులు విడిచి కాలు దించాడు. నీళ్ళు జరగలేదు. చీలమండ మీదికి ఎక్కి, చల్లగా, అక్కడే ఉన్నాయి.

"వొచ్చేసినాయే మామా! ఇంద, నీ పార నువ్వే పట్టు," అన్నాడు పెంచల్.

హజరత్తయ్య పార అందుకోలేదు. గట్టు పక్క చిన్న మట్టిదిబ్బ మీద గడ్డి మొలిచి ఉంది. దాని ముందు చతికిలబడ్డాడు. ముందు ఎడమ కంట్లోంచి ఒక చుక్క జారింది. తర్వాత ఆపితే ఆగలేదు.

పెంచల్ కంగారుగా దగ్గరికొచ్చాడు. "ఏమైంది మామా?"

"నా బిడ్డ చచ్చిపోయిందిరా," అన్నాడు హజరత్తయ్య.