కీనన్ తల్లులు

లతీషాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: కీనన్‌ను పిల్లల జైలుకు పంపేస్తారేమోనని. రోజంతా ప్రయాణం చేస్తే గాని చేరని చోటది. వాడు ఆమె అక్క కొడుకు. అంటే ఆస్ట్రేలియా ఆదివాసులైన వాళ్ల లెక్కలో ఆమె కొడుకే.

వాడు చేసిన ఘనకార్యం, ఊరి పార్కులో గడ్డి కోసే బండెక్కి ఏటికి చేపలకు పోవడం. ఆ బండి నత్తకు తమ్ముడు. పోలీసులు వెనకాలే నడుచుకుంటూ పోయి పట్టుకున్నారు. రాత్రిళ్లు ఇంట్లో ఉండాలని బెయిలిచ్చారు. తీరా పోలీసులొచ్చి తలుపు కొడితే వాడు లేడు. మూడిళ్ల అవతల ఇంకో అమ్మ దగ్గర కంగారూ తోక తిని గుర్రు పెడుతున్నాడు. మళ్లీ కోర్టు.

"పిల్లాడి తల్లి వచ్చిందా?" అని మేజిస్ట్రేటమ్మ అడిగింది.

నలుగురు లేచారు. చంకలో పాపతో లతీషా కూడా.

"కన్నదెవరమ్మా?"

"నేనే మేడమ్," అంది అక్క షెర్లీన్. "తిట్టేది ఆవిడ, తిండి పెట్టేది ఈవిడ."

"మరి ఈ చిన్నమ్మాయి?"

లతీషా పాపను చంక మార్చుకుంది. "నేను... వాడి వెనకాల పరిగెత్తేదాన్నండీ."

"వాడు పడుకునేది ఎవరింట్లో?"

"మా ఇంట్లో!" నలుగురూ ఒక్కసారే అన్నారు.

వాళ్లందరి తల్లి డల్సీ కూర్చున్నచోటి నుంచే అందుకుంది: "మా మనవడికి ఇళ్లకేం కొదవ తల్లీ? ఒక్క తలుపే కొట్టి పోతే మేమేం చేసేది?"

మేజిస్ట్రేటమ్మ మొహం గంటు పెట్టుకుంది. లతీషాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"బెయిలిస్తున్నాను. కానీ ఒక్కటే ఇల్లు. చీకటి పడ్డాక వాడు గడప దాటాడో, జైలే. ఏ ఇల్లు?"

"నాది," అంది డల్సీ.

ఆ సాయంత్రమే తల్లులందరూ పరుపులు, పాపలు, రెండు కుక్కలతో సహా డల్సీ ఇంట్లో దిగారు. పిల్లాడు ఇళ్లు మారకూడదన్నారు గాని, తల్లులు మారకూడదని ఎవరన్నారు? పోలీసు తలుపు తట్టగానే "ఉన్నాడు!" అని అన్ని గదులూ అరిచాయి.

"దీనికన్నా జైలే నయం," అని కీనన్ గొణిగాడు.

"ఆ మాట మళ్లీ అన్నావో, పళ్లు రాలతాయి వెధవా!" అంది లతీషా. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు దూరపు ఊళ్లో చుట్టాలింట చావు. వెళ్లకపోతే వాళ్లలో తప్పు. డల్సీ మోకాళ్లు అంత దూరం ప్రయాణానికి ఒప్పవు, కీనన్ వెళ్లడానికి కోర్టు ఒప్పదు. తల్లులు మాత్రం బయలుదేరారు. చెవి మిషన్ తీసి పడుకుంటే డల్సీకి ఏమీ వినపడదు, వాడిది మొద్దునిద్ర. పోలీసు వచ్చి కొట్టి కొట్టి పోతే? లతీషా కారెక్కి, రెండుసార్లు దిగి, మళ్లీ ఎక్కింది.

అటువైపు వెళ్లేవాళ్లుంటే, చీకటి పడ్డాక ఆ ఇంటికోసారి వెళ్లి, కీనన్ లోపలే ఉన్నాడేమో చూసి రండి. తలుపు కాస్త గట్టిగా బాదండి.