ఎన్ని బిందెల నీళ్లు

మా అమ్మాయి రమణి మార్కాపురంలో డీఎడ్ చదువుతోంది. ఆ శనివారం బస్సు దిగి పుల్లలచెరువులోని మా ఇంటికి రాగానే సంచిలోంచి నాలుగు పేజీల ఫారం తీసింది. రేపు పిల్లలకు పాఠాలు చెప్పబోయే వీళ్లకు పర్యావరణం గురించి ఎంత తెలుసో, ఇళ్లలో అలవాట్లు ఎలా ఉన్నాయో కొలిచే సర్వే అట.

"రోజుకు ఎన్ని బిందెల నీళ్లు వాడతారు?" అని చదివింది.

"ఎవురే అడిగింది?"

"మా అశోక్ సారు. ఆయన పీహెచ్‌డీకి. పేరు కూడా రాయొద్దన్నాడు, ఊరు రాస్తే చాలంట నాయనా."

"పేరు వద్దన్నోడికి ఊరెందుకే?"

రెండేళ్ల కిందట ఆఫీసు నుంచి ఒకడు ఫోనులో ఎక్కించుకోవడానికి వచ్చి ఇదే అడిగాడు. ఆరు బిందెలతో సర్దుకుంటామని నిజం చెప్పాం. మరుసటి నెల నుంచి మా వీధికి రోజూ వచ్చే ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తోంది. నేను అయిదుతో బడి మానినవాణ్ణే, కానీ ఆ పాఠం మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇరవై అని రాయి. బియ్యం కడిగిన నీళ్లు మేకలకు పోస్తామని రాయబాకు. పారబోస్తామని రాయి."

రమణి తల వంచుకుని రాసింది.

మరుసటి ఆదివారం ఆ సారే మోటారు సైకిలు మీద వచ్చాడు. నీళ్ల దుబారాలో మాదే మొదటి స్థానమట. మా మండలం నుంచి అక్కడ చదివేది రమణి ఒక్కతే. ఊరు అడిగింది ఇల్లు పట్టుకోవడానికే అన్నమాట.

"ఇంత కరువులో ఇరవై బిందెలా అని చూడ్డానికొచ్చినా పెద్దాయనా," అన్నాడు.

చూడ్డానికంటే రాసుకుపోవడానికే. తెల్లారితేగాని ట్యాంకరు రాదు. ఇంట్లో ఉన్నవి రెండు బిందెలు. ఒకటి ఎత్తి ఆయన కాళ్ల మీద కుమ్మరించాను.

"మేం ఇట్లనే వాడతాం సారూ."

రెండోది ఎత్తబోతే రమణి పట్టుకుంది.

"సార్, మాకు ఆరు బిందెలే. నిజం రాస్తే ట్యాంకరు ఆపుతారని మా నాయన ఇరవై రాయించినాడు."

ఆయన తడిసిన ప్యాంటు దులుపుకున్నాడు. "ట్యాంకరుకూ నాకూ ఏం సంబంధం పెద్దాయనా? ఈ లెక్క కాలేజీ దాటదు."

"ఆ మాటే కాయితం మీద రాసియ్యండి."

నవ్వుతూనే రాసి, సంతకం పెట్టి ఆ కాగితం నాకిచ్చాడు, తనతో తెచ్చిన ఫారం రమణి చేతికిచ్చాడు దిద్దమని. నేను ఫారం లాక్కుని ఆయన రాసిన కాగితం రెండుసార్లు చదివాను.

"కాలేజీ సీలు లేదు సారూ. వేయించుకు రాండి. ఆ దినం రమణి ఆరు బిందెలని దిద్దుతాది."