జేజి అంటే ఎవరు

ఉర్లగడ్డ అని నోటిదాకా వచ్చింది. మింగేసి, పొటాటో అన్నాను. వంటగట్టు మీద కూర్చోబెట్టిన నా కూతురు హర్షిక నా పెదవులకేసి చూసింది. రెండున్నరేళ్లు దాటినా దానికి ఒక్క మాట రాలేదు. నాది రాయచోటి, మా ఆయన సత్యనారాయణది అమలాపురం. కువైట్ వచ్చాక పెళ్లి చేసుకుని రిగ్గైలో కాపురం పెట్టాం. రెండు యాసలూ కలిసి పిల్లను తికమక పెడుతున్నాయని ఆయన తీర్పు. రెండూ అంటాడు గానీ మానెయ్యమన్నది నాదొక్కటే.

"నీ యాస దాని చెవిన పడకూడదు. ఇంగ్లీషే మాట్లాడు. బళ్లో వేసే టైముకి మాట రాకపోతే అమలాపురంలో మా అమ్మ దగ్గర ఉంచేద్దాం."

అప్పుడు ఆయన యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాను. చెయ్యి ఆగలేదు. వంట నాది, బట్టలు నావి, నర్సరీలో ఆయాగా ఊళ్లోవాళ్ల పిల్లల ముక్కులు తుడవడం నాది. నోట్లో మాటొక్కటే నాది కాకూడదట.

ఆ నర్సరీలో టీచర్ కారిస్‌ది బ్రిటన్‌లోని వేల్స్. మాతో ఇంగ్లీషు మాట్లాడే మనిషి, కొడుకును ఎత్తుకోగానే ఇంకో భాషలోకి దిగిపోతుంది. తెల్లవాళ్లందరి ఇంటిభాషా ఇంగ్లీషే అనుకున్నాను. కాదంది. పూర్వం వాళ్ల బళ్లలో తమ వెల్ష్ భాష మాట్లాడిన పిల్లల మెడలో చెక్కముక్క తగిలించేవాళ్లట. ఇంకొకరు మాట్లాడితే అది వాళ్ల మెడకు మారేదట. సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వాళ్లకు దెబ్బలు. ఆ భయం తరాలు దిగి, వాళ్లమ్మ కూడా ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడింది. ఇప్పుడు ఆ భాషకు బళ్లున్నాయి, టీవీ ఉంది. తనేమో పెద్దయ్యాక క్లాసులకు వెళ్లి నేర్చుకుంది. అంత చిన్న దేశంలో అవ్వకు రెండు పేర్లట, ఉత్తరాన నైన్, దక్షిణాన మామ్‌గీ. తన కొడుకు ఇద్దరు అవ్వలనూ ఎవరి పేరుతో వాళ్లను పిలుస్తాడని, వాడికి ఏ తికమకా లేదని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా మెడ తడుముకున్నాను.

ఆ రోజు నుంచి పిల్లకు స్నానం చేయించేటప్పుడు గడియ పెట్టి, నీళ్ల చప్పుడు చాటున నా మాటలు చెప్పాను. దొంగతనం చేస్తున్నట్టు ఉండేది. ఫోన్‌లో మా అత్తయ్య అచ్చాయమ్మ ఫొటో చూపించి, మీ జేజి అనేదాన్ని. మా వైపు నాయనమ్మను అలాగే పిలుస్తాం.

ఈ శుక్రవారం వీడియో కాల్‌లో అత్తయ్య కనబడగానే హర్షిక వేలు చూపించి "జేజి" అంది. నేను చాటుగా నేర్పింది బయటపడిందనుకున్నాను. అత్తయ్య వెనక గోడకు వెంకటేశ్వరస్వామి పటం. వాళ్ల వైపు జేజి అంటే దేవుడు. ఆవిడ కళ్లొత్తుకుంది.

"చూసేవంట్రా, తొలిమాటే దేవుడి మాటొచ్చింది. మనింటి రక్తం."

మా ఆయన పొంగిపోయాడు. ఇంగ్లీషు పెట్టాకే పిల్ల దారిలో పడిందని నాతో అన్నాడు.

ఊరుకుంటే గండం గడుస్తుంది, పిల్ల నా దగ్గరే ఉంటుంది. ఊరుకోవడం నాకు బాగా అలవాటు. కానీ హర్షిక వేలు దించలేదు. పిలిచిన మనిషి పలకలేదని బిక్కమొహం వేసింది. ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను.

"పటాన్ని కాదత్తా, మిమ్మల్నే పిలుచ్చాంది. మా తట్టు నాయినమ్మను జేజి అంటాం. నేనే నేర్పినా. పలకండి."